గ్యాసునూనె మామిడికి పట్టుదారం

కృష్ణలో మునిగి, తడిబట్టలతో బీచుపల్లి ఆంజనేయస్వామి ఎదురుగా నిలబడి, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని చెబుతున్నాననుకోండి. ఇక్కడ రాయబోయేదాంట్లో ప్రతి అక్షరమూ నిజం. నన్నెరిగినవాళ్ళు ఈ మాట దగ్గరే నవ్వడం మొదలుపెడతారని తెలుసు. వాన పడుతోందని నేనంటే మా ఆవిడ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూసుకుంటుంది. నాగర్‌కర్నూల్లో నా నర్సరీకి వచ్చే రైతులు సగంమంది నా కథలు వినడానికే వచ్చి, మొహమాటానికి ఒక నిమ్మమొక్క పట్టుకుపోతారు. అయినా ఈసారి ఒట్టు. ఎందుకంటే ఇది నేను రోత పుట్టి రాస్తున్నాను. రోత పుట్టినప్పుడు మనిషి కథలల్లలేడు, లోపలున్నది కక్కుకోగలడంతే.

మొన్న ఎండల్లో కల్వకుర్తి రోడ్డు మీద ఎవరో తోటప్లాట్ల వెంచరు వేశారు, మొక్కల గురించి సలహా కావాలని నన్ను పిలిచారు. గేటు దాటగానే ప్లాస్టిక్ గడ్డి. దాని మీద సిమెంటు జింకలు. నడుమ ఎక్కడినుంచో వేళ్ళతో సహా పెకిలించి క్రేనుతో తెచ్చి నిలబెట్టిన పెద్దచెట్టు, మొదలుకి గోనెపట్టాలు చుట్టి, నాలుగు దిక్కులా ఇనుపతీగలతో లాగి కట్టి, దవాఖానాలో పడుకోబెట్టిన మనిషిలా ఉంది. ఆ చెట్టు నిండా పసుపుపచ్చని మామిడిపండ్లు. దగ్గరికి వెళ్ళి చూస్తే ఒక్కొక్క పండుకీ తొడిమె దగ్గర నైలాన్ దారం! కొమ్మలకి ముడివేసి వేలాడదీశారు. అంతకంటే రోత ఏమిటంటే, ఆకు చూద్దును కదా, అది మామిడిచెట్టే కాదు, ఇప్పచెట్టు.

అక్కడున్న కుర్రవాడు ఏమాత్రం సిగ్గుపడలేదు. "కస్టమర్లు ఫొటోలు దిగుతరు సార్. పొద్దుగాల పొద్దుగాల కొత్తయి కడ్తం. ఫ్రెష్‌గ ఉండాలె గద," అన్నాడు. ఏ రకం పండ్లయ్యా ఇవి అంటే కాసేపు పండువైపు చూసి, "ఎల్లో సార్," అన్నాడు. ఒక పండు తెంపి, కాదు, ముడి విప్పి, ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ముందు సున్నంలాంటి పొడివాసన వచ్చింది, తరువాత ఏమీ రాలేదు. పండుకి వాసనే లేదు. సలహా ఏమిటి సార్ అని అడిగితే, ఆ సిమెంటు జింకలకి రోజూ నీళ్ళు పోయండి, మీ తోటలో బతికే అవకాశం వాటికే ఉందని చెప్పి వచ్చేశాను.

దారంతా ఆ నైలాన్ ముడులే కళ్ళముందు ఆడాయి. చెట్టుకి దారం కట్టిన పాపం నాకూ ఉంది మరి. అది మాత్రం నైలాన్ కాదు, గద్వాల మగ్గం మీది ఎర్రపట్టు.

మాది గద్వాలలో చీరలు నేసే ఇల్లు. నూలు ఒంటికి పట్టు అంచు కలిపే పని మా వీధిలో ప్రతి గడపలోనూ జరిగేది, ఇప్పటికీ అక్కడక్కడ జరుగుతోంది. నా వేళ్ళే ఆ పనికి పుట్టలేదు. ముట్టుకున్న దారమల్లా తెగేది. మా నాయన నా చేతులవంక చూసి, "ఇయి వేళ్ళు గావు, మక్కకంకులు," అని అసహ్యించుకుని, దారంలాగ తెగనిది ఏదైనా నేర్చుకొమ్మని వనపర్తిలో తోటపని చదువుకి పంపించాడు. చెట్లైతే గట్టిగా ఉంటాయి కదా అని ఆయన లెక్క.

ఆ చదువు మొదటిరోజు నుంచీ నాకు రోతే. మొక్కలశాస్త్రం అంటే పూలు, పరిమళాలు అనుకుని వెళ్ళానేమో, మమ్మల్ని తీసుకుపోయి ముందుగా పెంటగుంట ముందు నిలబెట్టారు. పేడ, మూత్రం, బెల్లం కలిపి పులియబెట్టిన పీపా మూత తీస్తే నా పక్కనున్న తెలకపల్లి కుర్రాడు నిలబడినవాడు నిలబడినట్టే వెల్లకిలా పడ్డాడు. కుళ్ళిన చేపల నీళ్ళు, ఎముకలపొడి, తెల్లగా లుకలుకలాడే వేరుపురుగులు, వీటి మధ్య మధ్యాహ్నం సద్దిగిన్నె విప్పుకుని తినేవాళ్ళం. ఇంటికి వస్తే మా అమ్మ గడప అవతలే ఆపి, నెత్తిమీద ఒక బిందె కుమ్మరించిగాని లోపలికి రానిచ్చేది కాదు.

మాకు పాఠం చెప్పే సారు ఈ లోకంలో ఇంకెవరికీ లేనంత అసహ్యం ఉన్న మనిషి. ఇస్త్రీ చొక్కా, చేతిలో కర్పూరం ముడివేసిన రుమాలు. మట్టి ముట్టుకుంటే చెయ్యి మోచేతిదాకా కడుక్కునేవాడు, కత్తి మాకిచ్చేముందు ఒకసారి, మా దగ్గర తీసుకున్నాక ఒకసారి వేణ్ణీళ్ళతో తుడిచేవాడు. మా గోళ్ళు చూసి "ఛీ", మా కత్తులు చూసి "ఛీఛీ" అనేవాడు. మట్టంటే పడనివాడు తోటపని ఎందుకు చెప్పాలి, సెంటుకొట్టు పెట్టుకోక, అని మేము వెనకనుంచి నవ్వుకునేవాళ్ళం. కిటికీ అవతల నిజం మందారం విరగబూసి ఉంటే, ఇవతల గోడమీది పటంలో మందారాన్ని బెత్తంతో చూపించి "పుష్పము అనగా" అని రాయించేవాడు. ఆ రాతలమీద కూడా నాకు రోత పుట్టింది. ఒక్క పాఠం మాత్రం ఆయన తన చేత్తో చేసి చూపించాడు, అది అంటు కట్టడం.

కర్రకీ బెరడుకీ నడుమ ఉల్లిపొరకంటే పలచని పచ్చటి పొర ఒకటుంటుంది, చెట్టు పెరిగేదంతా అక్కడే. కింద నాటుమొక్కని ఏటవాలుగా కోసి, మనకి కావలసిన చెట్టు పుల్లని అదే వాలున కోసి, ఈ పొరకి ఆ పొర ఆనించి, గాలీ నీరూ దూరకుండా ప్లాస్టిక్ పట్టీతో బిగిస్తే రెండూ ఒక మొక్క అవుతాయి. కోసిన ముఖాన్ని వేలితో కూడా ముట్టకూడదు. ఇదీ ఆయన చెప్పింది. నేను విన్నది మాత్రం రెండు కొసలు కలపడం అన్నమాట ఒక్కటే. ఓస్, ఇది మా ఇంటి పనే కదా అనుకున్నాను.

ఎందుకంటే మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువుదారాల వరస, అయిపోవచ్చినప్పుడు దాన్ని తీసేయరు. పాతదాని కొసలకి కొత్త పడుగు కొసలు ఒక్కొక్కటే పెట్టి, వేళ్ళకి ఉమ్మి తడి చేసుకుని, బూడిద అద్ది, చిటికెలో మెలితిప్పి అతుకుతారు. ఆ అతుకు ముడి కాదు, కానీ ఊడదు. మా వీధిలో ఆ పనిలో మా అమ్మని మించిన చెయ్యి లేదు. ఆమె అతికిన చోటి మీద చీమ నడిచినా అతుకు దాని కాలికి తగలదనేవారు. ఆ అన్నది నేనే, అయినా నిజమే.

ఇక మా మేనత్త సంగతికి వస్తాను. మా నాయనకి అక్క. బీచుపల్లి వంతెన దాటి వనపర్తి వైపు వస్తుంటే పెద్దరోడ్డు పక్కనే ఆమె ఇల్లు, ఇంటిముందు ఒక మామిడిచెట్టు. ఆ చెట్టు పండు నిమ్మకాయంత ఉండేది, మీద నల్లటి మచ్చలు, లోపలంతా పీచు, వాసన మాత్రం అచ్చంగా దీపాల్లో పోసే గ్యాసునూనె, అదే కిరసనాయిలు! ఊరంతా దాన్ని గ్యాసునూనె మామిడి అనేవారు. చెట్టు కింద నిలబడి ఎవరూ బీడీ వెలిగించేవారు కాదు. ఆ దారిన పోయే లారీడ్రైవర్లు ముక్కు ఎగబీల్చి, టాంకు కారుతోందనుకుని, బండి ఆపి దాని కిందకి దూరి వెతుక్కునేవారు, మా అత్త అరుగుమీద కూర్చుని నవ్వి నవ్వి, చివరికి వాళ్ళని పిలిచి మజ్జిగ పోసేది. గుడి దగ్గరి కోతిమూక ఒకసారి వచ్చింది. పెద్దకోతి ఒక్క పండు కొరికి, ఉమ్మేసి, రెండు చేతులతో నాలుక తుడుచుకుని, ఆ తరువాత తన సంతానానికంతటికీ ఏం చెప్పిందోగాని, ఆ మూక ఎప్పుడు వచ్చినా మా అత్త ఇంటి ముందుకొచ్చేసరికి రోడ్డుకి అవతలిపక్కగా నడిచేది. పురుగు కూడా ఆ పండు ముట్టేది కాదు.

మా అత్త ఆ పండే తినేది. పెళ్ళై వచ్చిన కొత్తలో ఆ వాసనకి కొంగు ముక్కుకి కట్టుకుని తిరిగిందట, గద్వాల పిల్లకి పొగరని అత్తవారింట్లో ఎత్తిపొడిచేవారట. నెల తప్పాక అన్నం చూస్తే వాంతి, నీళ్ళు చూస్తే వాంతి, మనిషి ఎండి పుల్లయిపోయిందట. ఒకరోజు ఎవరూ చూడకుండా చెట్టుకింద రాలిన పండు ఒకటి తుడుచుకుని తింటే అది నిలిచిందట. అప్పటినుంచి ఆ కంపే ఆమెకి కమ్మదనం. పిల్లలంతా ఆ చెట్టు చలవేనని ఆమె నమ్మకం.

ఆ చెట్టు మొదలుకి ఒకరోజు ఎవరో వచ్చి సున్నంతో పట్టీ గీసి పోయారు. రోడ్డు వెడల్పు చేస్తారట, చెట్టు కొట్టేస్తారట. మా అత్త మర్నాడే బస్సెక్కి వనపర్తికి నా దగ్గరికి వచ్చింది. ఆమె మొహం నేనెప్పుడూ అలా చూడలేదు.

"నువ్వు చెట్ల సదువు సదువుతున్నవంట గద అల్లుడా. నా చెట్టును ఇంకో తాన మొలిపియ్యి," అంది.

టెంక పెడితే సరిపోతుంది కదా అని మీరనుకుంటారు, ఆమె కూడా అదే అనుకుంది. మొదటిసారిగా నేను నేర్చుకున్న శాస్త్రం ఒకరికి పనికొచ్చింది. టెంకలో ఉన్నది తల్లి ఒక్కతే కాదని, పుప్పొడి ఏ చెట్టుదో ఏ ఈగ తెచ్చిందో తెలియదని, మొలిచిన చెట్టు ఏ పండు కాస్తుందో ఎవరూ చెప్పలేరని, అదే చెట్టు కావాలంటే దాని పుల్ల తెచ్చి అంటు కట్టడమొక్కటే దారి అని వివరించాను.

"అయితే నా చెట్టుకు మొగడెవడో తెల్వదంటవు," అంది అత్త. ఆ బాధలోనూ నవ్వించింది. తరువాత నవ్వు ఆపి, "చెట్టు పోతె పోనియ్యి. ఆ వాసన పోవద్దు అల్లుడా. గది పోతె నా ఇల్లు నాకే గుర్తువట్టదు," అంది.

సారుని బతిమాలి నాటుమొక్కలు కొన్ని తీసుకున్నాను. ప్లాస్టిక్ పట్టీ కూడా ఇచ్చాడు. దాన్ని చూస్తేనే నాకు రోత. పచ్చటి ప్రాణానికి సంచి ముక్క చుట్టడం ఏమిటని, గద్వాలకి కబురు చేసి మా అమ్మని పిలిపించాను. ఆమె అతుకుల చెయ్యి, మగ్గం కింద మిగిలిన ఎర్రపట్టు దారం, ఇంకేం కావాలి? అత్త ముంగిట్లో గోనెపట్టా పరిచి ముగ్గురం కూర్చున్నాం. నేను కోసి ఇస్తున్నాను, మా అమ్మ వేళ్ళమీద ఉమ్మి, బూడిద అద్ది, కోసిన ముఖాలు రెండూ నున్నగా రుద్ది, ఒకదానికొకటి ఆనించి, పట్టుదారం చుట్టుమీద చుట్టు వేస్తోంది. చూడటానికి ఎంత అందంగా ఉందంటే, ఒక్కొక్క మొక్క మెడలో తాళిబొట్టు వేసుకున్నట్టుగా ఉంది.

"ఏందే మరదలా, నా చెట్టుకు చీర గడుతున్నవా?" అంది అత్త.

"చీరకే కంపు పట్టేటట్టుంది వదినా. రేపు ఈ చేతులతోని పట్టు ముట్టుకుంటె కొనేటోళ్ళు మగ్గం కింద దీపం ఒలికిందా అంటరు."

"కంపంటవేందే! మా ఇంట్ల దోమలు లేవు, తెలుసా?"

"ఉంటయెట్ల! దోమలకు ముక్కుండదా?"

అలా ఒకరినొకరు దెప్పుకుంటూ పొద్దుగూకేదాకా కట్టారు. నేను మా సారు రుమాలు తలచుకుని, ఆయన పుస్తకంలో లేనిది మా ఇంట్లో ఉందని గర్వంతో ఉబ్బిపోయాను.

కొన్నాళ్ళకి ఆ గర్వాన్ని ప్రదర్శించుకుందామని సారుని అత్త ఇంటికి తీసుకుపోయాను. ఆయన బస్సు దిగుతూనే "ఇక్కడెక్కడో నూనె ఒలికింది," అని రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. మొక్కల దగ్గరికి వెళ్ళి చూస్తే పట్టుదారం నీళ్ళు పీల్చుకుని ఉబ్బి ఉంది. ఒకటి విప్పితే లోపల నల్లటి జిగురు, దానిమీద తెల్లటి బూజు, చచ్చిన ఎలుక వాసన. రెండోది విప్పాను, అదీ అంతే. అన్నీ అంతే. కోతకి ఏం పూశావని సారు అడిగాడు. నేను మా వీధి విద్య అంతా వర్ణించి చెప్పాను.

"ఉమ్మా?" అన్నాడాయన. "కోసిన మొక్క మీద ఉమ్మి, దానిమీద బూడిద కూడా పూశారా? ఛీ! పచ్చిపుండు మీద ఎవరైనా ఉమ్ముతారటయ్యా!" అని గోడవెనక్కి పరిగెత్తి పొద్దున తిన్నదంతా కక్కేశాడు. అక్కడికి వెళ్ళేసరికి గ్యాసునూనె పండ్లు రాలి కుళ్ళి ఉన్నాయేమో, ఉన్న కాస్తా మళ్ళీ కక్కేశాడు.

దారం ప్రాణం లేనిది, దానికి ఉమ్మి చేటు చేయదు. మొక్కకి కోసిన చోటు పుండు, నోట్లో ఉన్న మురికంతా దాంట్లోకి పోతుంది. పటంలోని మందారాన్ని చూపిస్తూ ఆయన ఎంత చెప్పినా ఎక్కనిది, ఆయన కక్కుతుంటే ఎక్కింది. మోచేతిదాకా కడుక్కోవడం, కత్తి తుడవడం, మమ్మల్ని ఛీ అనడం, అదంతా పాఠమే. ఆయన రోతే ఆయన శాస్త్రం. మొక్కలు చూసిపోదామని ఆ రోజు వచ్చిన మా అమ్మ మాత్రం వాటివంక చూస్తూ, చేతులు కొంగుకి మళ్ళీ మళ్ళీ తుడుచుకుంది.

మళ్ళీ కడదామంటే నాటుమొక్కలు తెచ్చుకునేలోపలే రోడ్డువాళ్ళు వచ్చారు. మా అత్త చెట్టు చుట్టూ చేతులు వేసి ఏడ్చిందని రాస్తే మీకు బాగుండునేమోగాని, ఆమె అలా చేయలేదు. కొట్టేవాళ్ళకి మజ్జిగ పోసి, పెరట్లోకి వెళ్ళి కూర్చుంది. చెట్టు పడ్డ చప్పుడుతో పాటు వాసన ఊరంతా లేచింది. రోడ్డు పొడుగునా లారీలన్నీ ఆగిపోయాయి, డ్రైవర్లందరూ బండ్ల కింద దూరారు.

కబురు తెలిసి సారు వచ్చాడు. నేను పిలవలేదు. కర్పూరపు రుమాలు ముక్కుకీ నోటికీ కలిపి దొంగలా కట్టుకుని, పడిన కొమ్మల్లోకి ఇస్త్రీ చొక్కాతోనే దిగి, పుల్లలు ఏరి, తడిగుడ్డలో చుట్టి, తను తెచ్చిన నాటుమొక్కలకి అక్కడే అంటు కట్టాడు. ప్రతి కోతకీ ముందు కత్తి తుడిచాడు, నన్ను దగ్గరికి రానివ్వలేదు. కోసిన ముఖం మీద గాలి కూడా ఊదకుండా, నాకు రోత పుట్టించిన ఆ ప్లాస్టిక్ పట్టీతోనే బిగించాడు. ఎండకి కొన్ని, ఆకుపురుగుకి కొన్ని పోగా, ఒక్కటి చిగురించింది. ఆ లేత ఎర్రటి ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంటే, సన్నగా, అగ్గిపుల్ల గీస్తే అంటుకునేలా, గ్యాసునూనె! మా అత్త ఆ వేళ, చిగురు చూడటానికి వచ్చిన మా సారు చేతులు పట్టుకుంది. ఆయన కడుక్కోవడం మరిచిపోయాడు.

ఆ మొక్కని అత్త పెరట్లో పెట్టాం. సారు వెళ్ళేముందు ఒక్కటే చెప్పాడు. అంటుముడి కింద నాటుమొక్క నుంచి చిగురు వస్తుంది, రాగానే గిల్లెయ్యాలి, లేకపోతే తిండంతా అదే లాక్కుని పైనున్నదాన్ని చంపేస్తుందని. నేను వెళ్ళినప్పుడల్లా ఆ మాటే చెప్పేవాణ్ణి, గిల్లబోయేవాణ్ణి. అత్త నా చెయ్యి మీద ఒక్కటి వేసేది.

"ముట్టకు! పచ్చటి చిగురును గిల్లుతరా ఎవరన్న? రోత సదువు, రోత సారు. దానిదారి అది పెరుగుతది, దీనిదారి ఇది పెరుగుతది. నా ఇంట్ల నలుగురు పిల్లలు ఒక్క కంచంల తినలేదా?"

తరువాత నాకు నల్లమల అంచున చిన్న కొలువు దొరకడం, పెళ్ళి, నర్సరీ, ఆ పరుగులో ఏళ్ళు గడిచిపోయాయి. అత్త పెరట్లో చెట్టు కాపుకొచ్చిందని కబురొచ్చినప్పుడు, ఉన్నపళంగా బయలుదేరాను. చెట్టు నిండుగా ఉంది, పండ్లు పచ్చగా నున్నగా ఉన్నాయి. మొదట్లోకి వంగి చూసి నేను గతుక్కుమన్నాను. పాత ప్లాస్టిక్ పట్టీ పీలికతో సారు కట్టిన అంటు ఎండిపోయి, బొటనవేలంత మోడుగా పక్కన ఉండిపోయింది. చెట్టయి నిలబడింది కిందినుంచి వచ్చిన నాటుచిగురు. పండు వాసన చూశాను. మామిడివాసన. అందరి మామిడిలాంటి మామిడి.

అత్త అప్పటికే బాగా ముసలిదైపోయింది. పండు చేతిలోకి తీసుకుని, చెరిగిపోయిన గడప ఏదో తడుముకుంటున్నట్టు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "గదే వాసన అల్లుడా," అంది. ఆమె పండ్లన్నీ బుట్టలో వేసుకుని వీధి వీధంతా పంచింది, ఆమె మీది గౌరవంతో తీసుకున్న ప్రతివాళ్ళూ ముక్కు మూసుకుని "అబ్బా, ఏం కంపే అవ్వా!" అన్నారు. ఆమె మొహం వెలిగిపోయింది.

ఇప్పుడు ఆమె లేదు, సారు ఎక్కడున్నాడో తెలియదు, మా వీధిలో పడుగులు అతికే చేతులు తగ్గిపోయాయి. రోడ్డు ఎంత వెడల్పయిందంటే, మా అత్త ఇల్లు ఎటువైపు ఉండేదో బస్సులోంచి చూసి చెప్పలేను. నా నర్సరీకి వచ్చే పిల్లలు ఫోనులో చూసి మొక్కల పేర్లు నాకంటే బాగా చెబుతారు, ఆకు నలిపి వాసన చూడమంటే మాత్రం చెయ్యి వెనక్కి లాక్కుంటారు. పండ్లన్నీ ఒకే రంగు, ఒకే సైజు, అన్నీ అందరికీ నచ్చేలా ఉన్నాయి. ఎవరికీ రోత పుట్టించనిది ఎవరి ప్రాణానికైనా ఎందుకు నిలుస్తుందని నాకు అనుమానం. లారీలు ఆ చోట ఇప్పుడు ఆగవు, మా అత్త మజ్జిగ పోసిన డ్రైవర్లకి ఆ మలుపులో ముక్కు ఎందుకు వెలితిగా ఉంటుందో తెలిసి ఉండదు.

ఒట్టు వేసి మొదలుపెట్టాను కనుక, ముగించేముందు ఒకటి ఒప్పుకోవాలి. ఇందులో ఒకచోట కల్పించాను. కోతులు కాదు, నమ్మితే నమ్మండి. లారీలూ కాదు. ఇప్పచెట్టుకి కట్టిన మామిడిపండ్లు అసలే కాదు, అంత రోత కల్పించే శక్తి నాకు లేదు.

మా అత్త "గదే వాసన" అనలేదు. వీధిలో పండ్లు పంచనూలేదు. ఆ పండు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తరువాత వంగి, పట్టీ పీలిక వేలాడుతున్న ఆ ఎండుమోడుని వేలితో నిమిరింది. పండు నా చేతిలో పెట్టింది.

"గిది నా చెట్టు గాదు అల్లుడా. నువ్వు గిల్లుమన్న చిగురే గిది."

ఆమె చెంబు తీసుకుని, తొట్టిలోంచి నీళ్ళు ముంచుకుని, ఎప్పటిలాగే మొదట్లో చుట్టూ పోసింది.

"అయితేంది? దీనికి గూడ దూపయితది గద," అంది.